ఏ నెలలో ఎటు: కోనసీమ నుంచి ఒక్క రోజులో మడ అడవి, సరస్సు, జలపాతం, లావా రాయి

సంక్రాంతికి నెల ముందు నుంచే మా ఇంట్లో ఫోను మోగడం మొదలవుతుంది. "ఈసారి పండగకు మీ దగ్గరికే వస్తున్నాం. మీ దగ్గర జలపాతం ఉందట కదా, పిల్లలకు చూపించాలి" అంటారు హైదరాబాదు చుట్టాలు. అమలాపురం చుట్టుపక్కల ఉండేవాళ్లందరికీ ఈ ప్రశ్న అలవాటే. కోనసీమలో జలపాతం లేదు, ఉండే వీలూ లేదు. గోదావరి తెచ్చి పోసిన ఒండ్రు మీద, బల్ల పరిచినట్టున్న నేలలో నీరు దూకడానికి మెట్టు ఎక్కడిది? మా చిన్నప్పుడు బడికి వెళ్లే దారిలో ఒక నున్నటి రాయి దొరికితే జేబులో వేసుకుని వారం రోజులు తిప్పేవాళ్లం. రాయికి అంత కరువు.

కానీ రెండు మూడు గంటలు ప్రయాణం చేస్తే సంగతి మారిపోతుంది. తూర్పున కోరంగి మడ అడవి, పడమట కొల్లేరు, ఉత్తరాన పాపికొండలు, ఆ కొండల్లోనే రంప, మారేడుమిల్లి జలపాతాలు. రాజమహేంద్రవరం పొలిమేరల్లో అగ్నిపర్వతాల నాటి రాయి కూడా ఉంది, అది పక్కూరివాళ్లకే తెలియదు. ఒక్క రోజు సెలవు చేతిలో ఉంటే వీటిలో దేనికి వెళ్లాలి అన్నదే ఇక్కడి ప్రశ్న.

నేను ఈ ఎంపికలో బోర్లాపడినవాణ్ణే. ఒక ఏడాది రోహిణి కార్తెలో, రోళ్లు పగిలే ఎండలో, మా బావగారి కుటుంబాన్ని వెంటబెట్టుకుని ఏజెన్సీ జలపాతానికి వెళ్లాను. ఫోటోల్లో పాలు ఒలకబోసినట్టు కనిపించిన చోట, ఆ రోజు బండ మీద తడి గీత ఒకటి కనిపించింది. మా మేనల్లుడు దాని కింద చెయ్యి పెట్టి, "మావయ్యా, మా అపార్టుమెంటులో కుళాయి ఇంతకంటే నయం" అన్నాడు. తప్పు జలపాతానిది కాదు, నాది. అప్పటి నుంచి ఎవరు అడిగినా మొదట ఒకటే అడుగుతున్నాను: ఏ నెలలో వస్తున్నారు?

ఇక్కడ చూడదగ్గవన్నీ నీటి చుట్టూ అల్లుకున్నవే. ఆ నీటి రాకపోకలు మాత్రం ఒకదానికొకటి పొసగవు. జలపాతానికి ప్రాణం పోసే వానే పాపికొండల లాంచీలను ఒడ్డున కట్టేయిస్తుంది. లాంచీలు హాయిగా తిరిగే రోజులు వచ్చేసరికి జలపాతం సన్నబడుతుంది. కొల్లేటికి పక్షులు చలికాలంలోనే చేరతాయి. మడ అడవిలో లెక్క నెలది కాదు, గంటది. కాబట్టి చోటు ముందు ఖాయం చేసుకుని సెలవు తరువాత వెతుక్కుంటే దెబ్బతింటారు. సెలవు ఎప్పుడో చూసుకుని చోటు ఎంచుకోండి.

కోరంగి: తిథి చూసి బయల్దేరండి

ఏ నెలో తెలియదు, ఇంట్లో పెద్దవాళ్లున్నారు, పిల్లలున్నారు, పైగా సాయంత్రానికి ఇల్లు చేరాలి అంటే నేను కళ్లు మూసుకుని కోరంగి అంటాను. అమలాపురం వైపు నుంచి ఎదుర్లంక వంతెన దాటి యానాం మీదుగా కాకినాడ రోడ్డు పట్టుకుంటే దారిలోనే ఉంటుంది. 1978లో అభయారణ్యంగా ప్రకటించిన ఈ అడవి విస్తీర్ణం దాదాపు 235 చదరపు కిలోమీటర్లు. అందులో మనం చూసేది అంచు మాత్రమే, కానీ ఆ అంచు చాలు. చెట్ల మధ్యగా వేసిన చెక్కల బాట చదునుగా ఉంటుంది. మోకాళ్ల నొప్పులున్న మా అత్తయ్య ఎక్కడా ఆగకుండా చివరిదాకా నడిచింది. పాపికొండలకు తీసుకెళ్లినప్పుడు గట్టు దిగి లాంచీ ఎక్కడానికే ఆవిడకు ఇద్దరి ఆసరా కావలసి వచ్చింది.

ఇక్కడ చూడవలసింది చెట్లను కాదు, వాటి కాళ్లను. తెల్లమడ చెట్టు చుట్టూ బురదలోంచి వందలకొద్దీ మేకుల్లా పైకి పొడుచుకొచ్చినవన్నీ వేళ్లే. ఆ బురదలో గాలి ఆడదు కాబట్టి వేరు తలకిందులుగా పైకి వచ్చి ఊపిరి తీసుకుంటుంది. ఉప్పు పొన్న చెట్టు వేళ్లు గొడుగు ఊచల్లా కొమ్మల దగ్గర నుంచే వంగి నేలను పట్టుకుంటాయి. దాని విత్తనం చెట్టు మీద ఉండగానే మొలకెత్తి, పొడుగాటి చిక్కుడుకాయలా వేలాడి, బురదలో పడి నాటుకుంటుంది. తిల్ల చెట్టు కొమ్మ మాత్రం పిల్లలను విరవనివ్వకండి. దాని పాలు కంట్లో పడితే ప్రమాదం.

ఇప్పుడు గంట సంగతి. సముద్రం పోటు మీద ఉన్నప్పుడు కాలువలు నిండుతాయి, పడవ లోపలికి వెళ్లగలుగుతుంది. నీరు తీసినప్పుడు పడవ షికారు తేలిపోతుంది కానీ బురద బయటపడుతుంది. బురద బయటపడితే ఎర్ర డెక్కల పీతలు, బురద మీద గెంతే చేపలు, వాటి కోసం కాపు కాసే కొంగలు కనిపిస్తాయి. పడవ కావాలా, బురద కావాలా అన్నది మీ ఇష్టం. నాకైతే బురదే ఇష్టం. పిల్లలకు కూడా అదే నచ్చుతుందని పందెం కాస్తాను. అమావాస్యకు, పౌర్ణమికి పోటూ పెద్దది, తీతా పెద్దది. అష్టమి ప్రాంతంలో రెండూ మందంగా ఉంటాయి. అందుకే కోరంగి వెళ్లే ముందు నేను వాతావరణ సూచనతో పాటు గోడ మీది క్యాలెండరులో తిథి కూడా చూస్తాను. వీలైతే ముందురోజే అక్కడివాళ్లకు ఫోను చేసి రేపు పడవ ఎన్ని గంటలకు కదులుతుందో కనుక్కోండి.

ఈ అడవిలో బావురుపిల్లులు, నీటికుక్కలు ఉన్నాయి. అవి కనిపిస్తాయని ఎవరైనా మీకు మాట ఇస్తే నమ్మకండి. బావురుపిల్లి రాత్రి తిరిగే జంతువు. నీటికుక్కలు ఉదయాన్నే వెళ్లినవాళ్లకు, అదృష్టం ఉంటే దర్శనమిస్తాయి. నాలుగు దాటాక దర్శనమిచ్చేవి దోమలే.

కాకినాడ ఎదురుగా సముద్రంలోకి చాచిన చెయ్యిలా ఉండే హోప్ ఐలాండ్‌ను కూడా అదే రోజులో ఇరికించాలని చూస్తారు చాలామంది. గోదావరి తెచ్చిన ఇసుకను అలలు పోగేయగా ఏర్పడిన దిబ్బ అది. కాకినాడ రేవుకు అలల దెబ్బ తగలకుండా అడ్డు నిలిచేదీ అదే. ప్రయాణం సముద్రం మీద కాబట్టి అనుమతి, గాలి రెండూ కలిసిరావాలి. చలికాలం చివర్లో ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టడానికి ఈ ఒడ్డుకే వస్తాయి. ఆ రోజుల్లో రాత్రిపూట టార్చిలైట్లు, కేకలు పనికిరావు. ఒక్క రోజే ఉన్నవాళ్లు దీన్ని వదిలేయడమే మంచిది.

కోరంగి ఊరి పేరు విన్నప్పుడు గుర్తుంచుకోదగ్గ మాట ఒకటుంది. ఒకప్పుడు ఓడలు కట్టిన రేవు అది. 1839 నవంబరు తుపాను ఉప్పెన దాన్ని తుడిచిపెట్టింది. మా తరం వాళ్లకు నవంబరు అంటే 1996 నవంబరు 6 నాటి కోనసీమ తుపాను. అందుకే అక్టోబరు, నవంబరు నెలల్లో బంగాళాఖాతంలో వాయుగుండం అన్న మాట వినిపిస్తే, ఎంత మంచి సెలవైనా సరే, మడ అడవి వైపు వెళ్లకండి.

కొల్లేరు: తెల్లవారకముందే లేవగలిగితేనే

కోరంగితో పోల్చదగ్గది కొల్లేరే. రెండింట్లోనూ పడవ ఉంది, పక్షులున్నాయి. తేడా ఏమిటంటే కోరంగి ఎప్పుడు వెళ్లినా ఏదో ఒకటి చూపించి పంపుతుంది. కొల్లేరు అలా కాదు. రోజులు కుదిరితే దానికి సాటి లేదు, కుదరకపోతే చేపల చెరువుల గట్లు చూసి తిరిగి రావలసిందే.

కొల్లేరు అంటే నీలంగా మెరిసే సరస్సును ఊహించుకోకండి. కృష్ణా, గోదావరి డెల్టాలు రెండూ పెరుగుతూ పోగా మధ్యలో మిగిలిన పల్లం ఇది. బుడమేరు, తమ్మిలేరు లాంటి ఏరులు తెచ్చిన నీరు ఇక్కడ నిలుస్తుంది, ఉప్పుటేరు గుండా సముద్రానికి పోతుంది. లోతు తక్కువ. గుర్రపుడెక్క, తుంగ, తామర, నడుమ లంక గ్రామాలు. 1999లో అయిదో కాంటూరు (సముద్రమట్టానికి అయిదు అడుగుల ఎత్తు గీత) వరకు, అంటే 308 చదరపు కిలోమీటర్లను, అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో అంతర్జాతీయ ప్రాముఖ్యం ఉన్న చిత్తడి నేలగా రామ్‌సర్ జాబితాలో చేరింది. 2006లో ఆక్రమణ చెరువుల గట్లను పేల్చేసిన 'ఆపరేషన్ కొల్లేరు' సంగతి ఇక్కడ ఏ టీ కొట్టు దగ్గర కూర్చున్నా వినిపిస్తుంది. ఎవరి పక్షం వాళ్లు చెబుతారు. విని ఊరుకోండి, తీర్పు చెప్పకండి.

చూడవలసిన చోటు కైకలూరు పక్కనే ఉన్న ఆటపాక. పెలికాన్లను మా వైపు గూడబాతులు అంటారు. అవి వందలుగా గుంపు కట్టి గూళ్లు పెట్టే చోటు ఇది. చెట్లు చాలక అటవీశాఖ నీటిలో ఇనుప స్టాండ్లు నిలబెడితే వాటి మీద కూడా కాపురాలు పెట్టాయి. నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు మంచి కాలం. డిసెంబరు, జనవరి అయితే మరీ మంచిది. గూటిలోని పిల్ల తల్లి గొంతు సంచిలోకి తల మొత్తం దూర్చి చేపను లాక్కునే దృశ్యం ఒక్కసారి చూస్తే పిల్లలు ఇంటికి వచ్చాక కూడా అదే చెప్పుకుంటారు.

గుడివాడ-భీమవరం రైలు మార్గంలో కైకలూరు స్టేషన్ ఉంది కాబట్టి కారు లేనివాళ్లకు అన్నిటికంటే సులువైన దారి ఇదే. అయితే పొద్దెక్కాక వెళితే సగం పక్షులు మేతకు పోయి ఉంటాయి. మంచు తెరలు విడవకముందే అక్కడ ఉండాలి. కోనసీమ నుంచి ఉదయం టిఫిను చేసి బయల్దేరేవాళ్లు కొల్లేరును ఎంచుకోకపోవడమే మేలు. ముందురోజు రాత్రే భీమవరంలోనో ఏలూరులోనో పడుకోగలిగితే వెళ్లండి. బైనాక్యులర్ లేకపోతే ఎవరినైనా అడిగి తెచ్చుకోండి, అది లేకుండా సగం చూసినట్టే. తిరుగుదారిలో కొల్లేటికోట పెద్దింట్లమ్మను చూసుకోవచ్చు.

మే నెలలో కొల్లేరు బీటలు వారుతుంది. వానాకాలంలో దానికి వ్యతిరేకం. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు ఏలూరు-కైకలూరు రోడ్డు మీదికే నీరు వచ్చి రాకపోకలు ఆగిపోయాయి. ఈ రెండు కాలాల్లోనూ కొల్లేరు పేరు తలవకండి.

పాపికొండలా, మారేడుమిల్లా?

అసలు తర్జనభర్జన ఇక్కడే. రెండూ రాజమహేంద్రవరం దాటి వెళ్లేవే, రెండింట్లోనూ కొండలే. "పొద్దున లాంచీ, సాయంత్రం జలపాతం" అని ఒక్క రోజులో రెండూ లాగించేద్దాం అనేవాళ్లు ప్రతి బృందంలోనూ ఒకరుంటారు. ఆ మాట వినకండి. లాంచీ ప్రయాణం పొద్దున మొదలైతే ఒడ్డుకు చేరేసరికి సాయంత్రమవుతుంది. మారేడుమిల్లి రాజమహేంద్రవరానికి ఎనభై కిలోమీటర్ల పైచిలుకు, రంపచోడవరం దాటాక ఘాట్ మలుపులు. చీకట్లో ఆ దారి ఎందుకు?

పాపికొండల గొప్పతనం కొండల్లో లేదు, గోదావరిలో ఉంది. రాజమహేంద్రవరం దగ్గర ఆవలి ఒడ్డు మసకగా కనిపించేంత వెడల్పున్న నది, అక్కడ రెండు కొండల మధ్య పాపిడి తీసినట్టు ఇరుకైపోతుంది. మాకు తెలిసిన గోదావరి కాలువల్లోకి పంచుకున్న, మచ్చికైన గోదావరి. అక్కడ ఉన్నది ఇంకా ఎవరికీ లొంగని గోదావరి. డెల్టాలో పుట్టి పెరిగినవాళ్లు దాన్ని ఒక్కసారైనా చూడాలని నా పట్టుదల. పోలవరం ప్రాజెక్టు పూర్తిస్థాయి నీటిమట్టం 45.72 మీటర్లు. ఆ మట్టానికి నీరు నిలిచాక ఈ లోయ ఇలా ఉండదు. పేరంటాలపల్లి గుడి మెట్లు, ఇసుక తిన్నెలు, ఒడ్డు పల్లెలు చూడాలనుకునేవాళ్లు వచ్చే ఏడాదికి వాయిదా వేయవద్దు.

లాంచీలో మైకు పెట్టి రోజంతా పాటలు, డాన్సులు పెట్టడం నాకు పడదు. కొందరికి అదే కావాలి. మీకు నిశ్శబ్దం కావాలంటే టికెట్టు కొనేటప్పుడే అడిగి చిన్న పడవ చూసుకోండి, లేదా సెలవు రోజు కాకుండా మామూలు రోజున వెళ్లండి. కార్తీకమాసం ఆదివారాల్లో నిశ్శబ్దం డబ్బిచ్చినా దొరకదు.

భద్రత గురించి మొహమాటం లేకుండా చెబుతాను. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర పర్యాటక బోటు మునిగింది. 77 మందిలో 26 మందే బయటపడ్డారు. ఆ రోజు గోదావరిలో ప్రవాహం అయిదు లక్షల క్యూసెక్కులకు పైగా ఉంది. ధవళేశ్వరం దగ్గర మొదటి ప్రమాద హెచ్చరిక ఇచ్చేది పది లక్షల క్యూసెక్కులకు. అంటే హెచ్చరిక స్థాయిలో సగం ఉన్నప్పుడే, ఇరుకు లోయలో, సుడిలో ఆ ఘోరం జరిగింది. "మొదటి హెచ్చరిక కూడా లేదు, భయమెందుకు" అన్నది డెల్టా గట్ల మీద నిలబడినవాళ్లకు పనికొచ్చే మాట. లోయలో పనికిరాదు. ఎర్రనీళ్లు ఉన్నంతకాలం, అంటే జూలై నుంచి అక్టోబరు మొదటి వారాల దాకా, లాంచీలు నడిపినా నేను ఎక్కను. నవంబరు రెండో సగం నుంచి ఫిబ్రవరి దాకా నది తేరుకుని ఆకుపచ్చగా ఉంటుంది, అప్పుడు వెళ్లండి. లైఫ్ జాకెట్టు సీటు కింద పెట్టుకోవడానికి కాదు, వేసుకోవడానికి. ఫోటో కోసం విప్పమని ఎవరైనా అంటే ఆ ఫోటో వద్దనండి.

మారేడుమిల్లి లెక్క వేరు. అక్కడ జలపాతాలు కావాలంటే వానలు వెనకబడుతున్న రోజులు, దసరా వెళ్లాక నుంచి డిసెంబరు దాకా. వానలు జోరుగా ఉన్నప్పుడు నీరు ఇంకా ఎక్కువే ఉంటుంది, నిజమే. కానీ ఎర్రగా ఉంటుంది, బండలు పాచి పట్టి ఉంటాయి, పైన ఎక్కడో కురిసిన వాన కింద ఎండ కాస్తుండగానే వరదై దిగుతుంది. 2024 సెప్టెంబరులో జలతరంగిణి దగ్గర వైద్య విద్యార్థులు కొట్టుకుపోయింది అలాగే. నీటి రంగు మారినా, ఆకులూ పుల్లలూ కొట్టుకొస్తున్నా అప్పటికప్పుడు ఒడ్డుకు వచ్చేయాలి. సబ్బు, షాంపూ, బట్టలు తరువాత సంగతి.

ఏ జలపాతానికి వెళ్లాలి అంటారా? రంప జలపాతం రంపచోడవరానికి దగ్గర. పక్కనే నీలకంఠేశ్వరుడి పాత గుడి ఉంది. మధ్యాహ్నానికి తిరిగి రావాలనుకునేవాళ్లకు అది సరిపోతుంది. జలతరంగిణి మారేడుమిల్లి దాటి రోడ్డు పక్కనే ఉండడం దాని బలం, అదే దాని బలహీనత కూడా. బస్సులకు బస్సులే అక్కడ ఆగుతాయి. అమృతధారకు కొంత నడవాలి. ఆ నడకే జనాన్ని వడపోస్తుంది. నడవగలిగినవాళ్లు అటే వెళ్లండి. జలపాతాల ఎత్తులు అడిగి నిరుత్సాహపడకండి. జోగ్‌తోనో తలకోనతోనో పోల్చేవి కావు ఇవి. వీటి అందం చుట్టూ ఉన్న అడవిలో ఉంది. ఆ అడవిలోకి దిగగానే ఫోనులో సిగ్నలు ఎగిరిపోతుంది కాబట్టి పెట్రోలు, నగదు, మందులు రంపచోడవరంలోనే చూసుకోండి. ఏజెన్సీలో మలేరియా ఉంది, నిండు చేతుల చొక్కాలు వేసుకోండి. పిల్లలకు ఘాట్ మలుపుల్లో వాంతులు ఖాయం, ఇడ్లీ ఒకటి తగ్గించి తినిపించండి.

బొంగు చికెన్ గురించి రాయకపోతే మా బావగారు ఊరుకోరు. వెదురు బొంగులో మసాలా పట్టించిన ముక్కలు కూరి, ఆకుతో మూతి బిగించి, నిప్పుల్లో కాలుస్తారు. నూనె వేయరు. అప్పటికప్పుడు కాల్చేవాళ్ల దగ్గర, వేచి ఉండి తినండి. ముందే కాల్చి పెట్టిన బొంగు చల్లారితే పొగ వాసన తప్ప ఏమీ మిగలదు. జలపాతం మోసం చేసిన ఆ రోహిణి కార్తె ప్రయాణంలో పరువు నిలబెట్టింది ఆ బొంగే.

రెండు రోజులుండి, రాత్రి అక్కడ పడుకోగలిగితే నా ఓటు మారేడుమిల్లికి. ఒక్క రోజే అయితే పాపికొండలకు. వేసవి సెలవులైతే రెండింటికీ వద్దు.

లావా రాయి: అందరికీ కాదు, కానీ

ఇప్పుడు నా పక్షపాతం బయటపెడతాను. ఐస్‌లాండ్ లావా బీళ్లు, హవాయి నల్ల తీరాలు ఫోనులో చూసి మురిసిపోయే మా ఊరి కుర్రవాళ్లకు నేను చెప్పేది ఒకటే: మన ఇంటి స్లాబులో ఉన్న నల్ల కంకర ఎక్కడిదో కనుక్కోండి. డెల్టాలో రాయి దొరకదు కనుక కంకర పైనుంచి రావలసిందే. అందులో బాగా పేరున్నది కొవ్వూరు అవతల పంగిడి, గౌరీపట్నం చుట్టుపక్కల నల్లరాతి క్వారీలది. ఆ నల్లరాయి గడ్డకట్టిన లావా.

మహారాష్ట్రను కప్పిన దక్కన్ ట్రాప్స్ లావాకూ దీనికీ చుట్టరికం ఉందని శాస్త్రవేత్తలు తేల్చారు. వయసు దాదాపు 6.6 కోట్ల ఏళ్లు, అంటే రాకాసి బల్లులు అంతరించిన రోజుల నాటిది. పశ్చిమ కనుమల ప్రాంతంలో పొంగిన లావా ప్రాచీన నదీలోయల వెంబడి వెయ్యి కిలోమీటర్లు పారి ఇక్కడికి చేరిందని, భూమి మీద తెలిసిన అతి పొడవైన లావా ప్రవాహాల్లో ఇది ఒకటని వాళ్ల అంచనా. భూగర్భ శాస్త్ర గ్రంథాల్లో దీని పేరు రాజమండ్రి ట్రాప్స్. ఊరి పేరు అధికారికంగా రాజమహేంద్రవరమైనా రాతి పేరు మారలేదు. గోదావరి మహారాష్ట్రలో పుట్టి ఇటు నడిచిందని మనం గొప్పగా చెప్పుకుంటాం. ఆ దారిలాంటి దారినే నిప్పు ముందు నడిచిందన్నమాట.

ఒక పొంగు చల్లబడ్డాక, రెండోది వచ్చేలోగా చాలా కాలం గడిచింది. ఆ మధ్యకాలంలో పేరుకున్న సున్నపు, బంకమట్టి పొరలు రెండు నల్లటి పొరల నడుమ తెల్లగా కనిపిస్తాయి. కాతేరు, పంగిడి దగ్గరి ఆ పొరల్లో ఆల్చిప్పల శిలాజాలు దొరికాయి. అంటే అప్పట్లో సముద్రం అంచు అక్కడిదాకా ఉండేది. కోనసీమ అప్పటికి పుట్టనేలేదు. నది ఆ తరువాత, ఎంతో తరువాత, తెచ్చి పోసిన మట్టితో తయారైన నేల ఇది. ఆ మట్టిలోనూ దక్కన్ నల్లరాయి అరిగిన పొడి చాలా ఉంది. మా చేలో నాగలికి రాయి తగలదు కానీ, మా వరి మొలిచేది ఒక రకంగా లావా పొడిలోనే.

ఇంత చెప్పాక నిరుత్సాహపరచక తప్పదు. ఇక్కడ జ్వాలాముఖం లేదు, పొగ లేదు, నల్లటి ఇసుక తీరం లేదు, టికెట్టు కౌంటరు లేదు. ఉన్నవి క్వారీలు. అవి పని చేస్తున్న క్వారీలు కూడా. పేలుళ్లు, టిప్పర్లు, దుమ్ము. వదిలేసిన గుంతల్లో నీరు పచ్చగా, ముద్దుగా కనిపిస్తుంది, లోతు తెలియదు, అంచు నిటారుగా ఉంటుంది. అక్కడ ఈతకు దిగడం చావును పిలవడమే. యజమాని అనుమతి లేకుండా లోపలికి వెళ్లవద్దు. చుట్టాలతో, పిల్లల బండితో విహారానికి ఇది చోటు కాదు. భూగర్భ శాస్త్రం చదివే పిల్లలున్న ఇంటికి, బడి పిల్లలను తీసుకెళ్లే మాస్టారికి మాత్రం పైవాటన్నిటికంటే ముందు దీన్నే చెబుతాను. తెలిసిన లెక్చరరును వెంటబెట్టుకుని, రోడ్డు కోత దగ్గరో అనుమతి ఉన్న క్వారీ అంచునో నిలబడి గంటసేపు చూస్తే చాలు. ఎండాకాలం ఉదయమైనా పరవాలేదు, రాయికి కార్తెలతో పని లేదు. ఈ జాబితాలో కోరంగి కాక మే నెలకు మిగిలింది ఇదొక్కటే.

మెట్లు మెట్లుగా పేర్చిన లావా కొండలే చూడాలని పట్టుబడితే పశ్చిమ కనుమలకు రైలెక్కవలసిందే. 'ట్రాప్' అన్న మాటకు మూలమే స్వీడిష్ భాషలో మెట్టు. మారేడుమిల్లి కొండలను చూసి అవీ లావావే అనుకోకండి. అవి తూర్పు కనుమల రాయి, దీనికంటే ఎన్నో రెట్లు పాతది.

వరద రోజుల్లో, పండగ రోజుల్లో

వానాకాలంలో చుట్టాలు దిగితే ఎటూ కదలలేమని బెంగపడకండి. గోదావరికి వరద వచ్చినప్పుడు మాకున్న జలపాతం ధవళేశ్వరం బ్యారేజీ. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అని నాలుగు భాగాలు, మొత్తం 175 గేట్లు. అన్నీ ఎత్తేసినప్పుడు ఆ హోరు ముందు పక్కన ఉన్నవాళ్ల మాట వినపడదు. రాకపోకలను నియంత్రిస్తే ఒడ్డు నుంచే చూసి, కాటన్ మ్యూజియం తిరిగి రండి. రెండో హెచ్చరిక, అంటే 13 లక్షల క్యూసెక్కులు దాటితే అది కూడా మానుకుని ఇంట్లో ఉండండి. అప్పటికి లంక గ్రామాల వాళ్లు గట్ల మీదికి వచ్చి ఉంటారు, వాళ్ల కష్టం ముందు కెమెరాతో నిలబడడం బాగుండదు.

సముద్రమే కావాలంటే అంతర్వేది. నరసాపురం వైపు నుంచి వచ్చేవాళ్లు గోదావరి దాటించే పంటు ఎక్కి, సఖినేటిపల్లి రేవులో దిగి వెళ్లవచ్చు. పిల్లలకు గుడికంటే, లైట్‌హౌసుకంటే ఆ పంటే ఎక్కువ నచ్చుతుంది. అన్నాచెల్లెళ్ల గట్టు దగ్గర వశిష్ఠ సముద్రంలో కలిసే చోటు చూడండి, నీళ్లలోకి దిగకండి.

ఇక సంక్రాంతికి వచ్చేవాళ్లకు నేను ఏటా ఇచ్చే జవాబు. పెద్దవాళ్లుంటే భోగికి ముందురోజు కోరంగి. పడవ సరదా ఉన్న కుర్రకారైతే పాపికొండలు, కానీ టికెట్టు వారం ముందే కొనుక్కోవాలి. పక్షుల పిచ్చి ఉన్నవాళ్లు ముక్కనుమ మరునాడు కొల్లేటి మీదుగా తిరుగు ప్రయాణం పెట్టుకోవచ్చు, హైదరాబాదుకు అది పెద్దగా చుట్టు కాదు. జనవరికి జలపాతాలు సన్నబడి ఉంటాయి. మారేడుమిల్లికి మంచు కోసం వెళ్లండి, నీటి కోసం కాదు.

కనుమ రోజు మాత్రం ఎటూ వెళ్లనివ్వను. ఆ రోజు మా కోనసీమలోని జగ్గన్నతోటలో ప్రభల తీర్థం. ప్రభ అంటే వెదురుతో ఎత్తుగా కట్టి, రంగు బట్టలతో అలంకరించి, దేవుణ్ణి ఊరేగించేది. ఏకాదశ రుద్రుల ప్రభలు చేల గట్ల మీదుగా, పచ్చని పైరును తొక్కుకుంటూ వస్తాయి. రైతు ఎవరూ ఏమీ అనరు. గంగలకుర్రు అగ్రహారం ప్రభ కౌశిక కాలువ దగ్గరికి వచ్చేసరికి వంతెన కోసం వెతకరు. మోసేవాళ్లు అలాగే నీటిలోకి దిగుతారు. గొంతు లోతు నీటిలో, తల మీద అంత ఎత్తు ప్రభ కొంచెం కూడా వంగకుండా అవతలి గట్టు ఎక్కుతుంది. మధ్యాహ్నం భోజనం త్వరగా ముగించి కాలువ గట్టు మీద చోటు పట్టుకోండి, రెండు దాటితే నిలబడడానికి కూడా దొరకదు.